సిరా కోట నుంచి పరంగిపేట దాకా...

పుట్టపర్తికి పడమటి వైపు, కర్ణాటకలో, సిరా కోట. తూర్పు వైపు, మదనపల్లె ప్రాంతంలో, గుర్రంకొండ. ఈ రెండు కోటల చరిత్రతో ముడిపడిన ఒక సేనాని జీవితం మనల్ని ఆలోచింపజేస్తుంది. ఆయన మీర్ అలీ రజా ఖాన్. మీర్ సాహెబ్‌గా ప్రసిద్ధుడు.

ఆయన హైదర్ అలీకి స్వయానా బావమరిది. సోదరి ఫక్రున్నీసా బేగం టిప్పు సుల్తాన్ తల్లి. 1761లో హైదర్ మైసూరు రాజుల నుంచి అధికారం చేజిక్కించుకున్నాడు. పాత పాలన తలకిందులైన ఆ రోజుల్లో కోటలను నమ్మకస్థులకే అప్పగించేవారు. సిరా అలా మీర్ సాహెబ్ చేతిలో ఉంది.

1767లో పీష్వా మాధవరావు దండెత్తి వచ్చాడు. మీర్ సాహెబ్ సిరాను ఆయనకు అప్పగించి మరాఠాల పక్షం చేరాడు. ప్రతిఫలంగా గుర్రంకొండ దక్కింది. ఏడాది రెండేళ్లు తిరగకుండానే మళ్లీ హైదర్‌తో చేతులు కలిపాడు. హైదర్ కత్తి దూయలేదు, అక్కున చేర్చుకున్నాడు. చుట్టరికం ఒక కారణమైతే, ఒకవైపు ఇంగ్లీషువారు, మరోవైపు మరాఠాలు కాచుకుని ఉండటం ఇంకో కారణం.

ఆ క్షమ వృథా పోలేదు. 1781 జూలై 1న పరంగిపేట వద్ద సర్ ఐర్ కూట్ సేనలతో జరిగిన పోరులో మీర్ సాహెబ్ హైదర్ పక్షాన పోరాడి, తగిలిన గాయంతో కన్నుమూశాడు.

కుమారుడు ఖమరుద్దీన్ ఖాన్ కథ దీనికి భిన్నం. 1791లో టిప్పు కోసం కోయంబత్తూరును తిరిగి గెలిచిన వీరుడతడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇంగ్లీషువారికి లొంగిపోయి, గుర్రంకొండ జాగీరు పొందాడు. యుద్ధంలోనే ద్రోహం తలపెట్టాడని నిందించిన చరిత్రకారులూ ఉన్నారు.

ద్రోహి అనగానే మనకు మీర్ సాదిక్ గుర్తొస్తాడు. మీర్ సాహెబ్‌ను అదే గాటన కట్టగలమా? సిరాను అప్పగించడం నమ్మకద్రోహమే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. అయితే పరంగిపేటలో చిందిన నెత్తురూ ఆయనదే. తండ్రి తప్పుతో మొదలై నిలకడతో ముగిశాడు. కొడుకు శౌర్యంతో మొదలై జాగీరుతో ముగిశాడు. మనిషిని ఒక్క రోజుతో కాదు, చివరిదాకా చూసి తూచాలి. తప్పిన మనిషికి తిరిగొచ్చే దారి తెరిచి ఉంచడంలోని విలువను హైదర్ ఎరిగి ఉన్నాడు. మనమూ ఎరగాలి.