సర్వర్ జగదల్‌పూర్‌లో, కంప్యూటర్ కొంటాలో

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలు. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దదే. డివిజన్ కేంద్రమైన జగదల్‌పూర్ నుంచి శబరి ఒడ్డునున్న కొంటాకు దాదాపు 180 కిలోమీటర్లు. తెలుగు మాట వినిపించే భోపాలపట్నం ఇంకా దూరం. ఈ ఊళ్లలో కూడా ఆఫీసులు, ఆసుపత్రులు, బ్యాంకులు, బడులు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధాని ప్రారంభించిన బస్తర్ ఇంటర్నెట్ పథకం లక్ష్యం ఈ ఏడు జిల్లాలకూ ఆప్టికల్ ఫైబర్ వేయడమే.

కంప్యూటర్ కొనేస్తే పని అయిపోదు, దాని బాగోగులు చూడాలి. విండోస్‌లో బయటపడ్డ లోపాలకు మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం దిద్దుబాట్లు విడుదల చేస్తుంది. వీటినే ప్యాచ్‌లంటారు. వేసుకోకపోతే ఏమవుతుందో 2017 మేలో తెలుగువాళ్లు దగ్గర నుంచే చూశారు. ప్రపంచాన్ని హడలెత్తించిన వాన్నాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోకి కూడా చొరబడింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది మార్చి 14న, అంటే రెండు నెలల ముందే. ప్రపంచమంతటా లక్షల యంత్రాలకు అది చేరనే లేదు.

చేర్చే పనిని ఒక్క చోట నుంచి చేయించేదే ఎండ్‌పాయింట్ మేనేజ్‌మెంట్ సర్వర్. ఎండ్‌పాయింట్ అంటే నెట్‌వర్క్ కొసన ఉండే డెస్క్‌టాప్, ల్యాప్‌టాప్, ఫోన్ వంటి పరికరం. ప్రతి దానిలో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. అది నిర్ణీత వ్యవధికోసారి సర్వర్‌ను పలకరించి తన పరిస్థితి చెప్పి, చేయాల్సిన పని అడిగి తీసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ 1994లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తెచ్చింది, దాని వారసుడే నేటి కాన్ఫిగరేషన్ మేనేజర్. చెన్నైకి చెందిన జోహో సంస్థ మేనేజ్‌ఇంజిన్ ఎండ్‌పాయింట్ సెంట్రల్ పేరుతో మరొకటి తయారుచేస్తోంది.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ వేయబోయే ముందు తయారీదారు ఇచ్చే పట్టిక ఒకటి చూడాలి. ఇన్ని కంప్యూటర్లుంటే ఇంత ప్రాసెసర్, ఇంత ర్యామ్, ఇంత డిస్క్ అని అందులో మెట్లు మెట్లుగా ఉంటుంది. సాధారణంగా కొనుగోలు ఫైలు ఈ మూడు అంకెలతోనే ముగుస్తుంది. బస్తర్ లాంటి చోట అసలు సంగతులు ఆ మూడింటి అవతల ఉంటాయి.

ముందు ర్యామ్ లెక్క. వెయ్యి కంప్యూటర్లు 90 నిమిషాలకోసారి సర్వర్‌ను పలకరిస్తాయనుకుందాం. సగటున ప్రతి 5.4 సెకన్లకు ఒకటి. ఏ సర్వర్‌కైనా ఇది తేలికే. కానీ కరెంటు పోయి వచ్చిందంటే వందల యంత్రాలు ఒకేసారి లేచి తలుపు తడతాయి. ప్రతి పలకరింపు డేటాబేస్‌లో కొన్ని వరుసలు రాయిస్తుంది. ర్యామ్, వేగమైన ఎస్‌ఎస్‌డీ కావాల్సింది ఈ రద్దీ వేళకే. అందుకే సర్వర్ సామర్థ్యాన్ని సగటును బట్టి కాదు, గరిష్ఠాన్ని బట్టి లెక్కగట్టాలి.

తర్వాత నెట్‌వర్క్. కొంటా ఆఫీసులో 20 కంప్యూటర్లున్నాయని, జగదల్‌పూర్‌కు 4 ఎంబీపీఎస్ లైను ఉందని అనుకుందాం. 500 ఎంబీ ప్యాచ్ అంటే 4,000 మెగాబిట్లు. లైను మొత్తం దానికే ఇచ్చినా ఒక్క కంప్యూటర్‌కు 1,000 సెకన్లు, అంటే దాదాపు 17 నిమిషాలు. ఇరవైకీ కలిపి అయిదున్నర గంటలు దాటుతుంది. అంతసేపూ ఆఫీసులో మరో పని సాగదు. ఈ చిక్కు సర్వర్‌లో 64 జీబీ ర్యామ్ వేసినా తీరదు.

దీనికి విరుగుడు డిస్ట్రిబ్యూషన్ సర్వర్. రేషన్ బియ్యాన్ని జిల్లా గోదాము నుంచి ఊళ్లో దుకాణానికి ఒకసారి తోలితే, అక్కడి నుంచి కార్డుదారులు తీసుకెళ్తారు. ఇదీ అంతే. కొంటాలోని ఒక కంప్యూటర్ రాత్రివేళ ప్యాచ్‌ను ఒక్కసారి దింపుకుంటే, మిగతావి లోపలి లైను మీద దాని దగ్గరే తీసుకుంటాయి. అయిదున్నర గంటల లైను వాడకం 17 నిమిషాలకు దిగుతుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఇలాంటి ఒక్క కేంద్రం 4,000 కంప్యూటర్ల దాకా చూసుకోగలదని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. ఇరవై కంప్యూటర్లకైతే మంచి డిస్కున్న మామూలు డెస్క్‌టాప్ చాలు.

డిస్క్ దగ్గర ఇంకో మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్‌కు పట్టే చోటు కొద్దిగానే. దింపుకున్న ప్యాచ్‌లు, డేటాబేస్, దాని బ్యాకప్‌లు మాత్రం నెలనెలా పెరుగుతాయి. డిస్క్ నిండిన రోజు డేటాబేస్ ఆగిపోతుంది, దానితో సర్వర్ కూడా. పాత ప్యాచ్‌లను తీసేసే ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి.

కరెంటు సంగతి పట్టికలో ఉండదు. డేటాబేస్‌లో రాత సగంలో ఉండగా సరఫరా ఆగితే, ముందే రాసుకున్న లాగ్ సాయంతో అది కోలుకునే వీలుంది. ఆ లాగ్ కూడా డిస్క్‌కు పూర్తిగా చేరకపోతే కష్టం. యూపీఎస్ ఉంటే సరిపోదు. బ్యాటరీ అడుగంటే లోపు సర్వర్‌ను పద్ధతిగా మూసేలా దానికి ఆదేశం అమర్చాలి. బ్యాకప్ ఆ గదిలో కాక వేరే చోట ఉండాలి.

చిరునామా కూడా స్థిరంగా ఉండాలి. ఏజెంట్లకు సర్వర్‌ను ఐపీ అంకెతో కాక డీఎన్‌ఎస్ పేరుతో పరిచయం చేస్తే, రేపు సర్వర్ మారినా కొంటా దాకా ఎవరూ వెళ్లనక్కర్లేదు. ఫైర్‌వాల్‌లో అవసరమైన పోర్టులే తెరవాలి. నారాయణపూర్ అడవుల్లో తిరిగే ఆరోగ్య సిబ్బంది ల్యాప్‌టాప్ వారాల తరబడి లోపలి నెట్‌వర్క్‌కు రాదు. అలాంటివాటి కోసం ఇంటర్నెట్ వైపు సురక్షితమైన గేట్‌వే ఒకటి పెట్టాలి.

ఈ సర్వర్ మాటను కంప్యూటర్లన్నీ వింటాయి కాబట్టి దొంగల కన్ను కూడా దీని మీదే. 2021 జులై 2న కసేయా వీఎస్‌ఏ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాదాపు 1,500 సంస్థలకు పాకింది. స్వీడన్‌లో కూప్ సూపర్‌మార్కెట్లు వందల్లో మూతపడ్డాయి. కాబట్టి ఈ యంత్రం మీద వేరే పనులేవీ పెట్టకూడదు. అడ్మిన్ లాగిన్‌కు రెండంచెల తనిఖీ ఉండాలి. అన్నిటికంటే ముందు దానికే ప్యాచ్ వేయాలి.

సర్వర్ కొనేముందు ఆఫీసు వారీగా నాలుగు అంకెలు రాసుకోండి: ఎన్ని కంప్యూటర్లు, లైను వేగమెంత, రోజుకు కరెంటు ఎన్ని గంటలు పోతుంది, ఎన్ని ల్యాప్‌టాప్‌లు బయట తిరుగుతాయి. ఈ నాలుగూ తేలాకే తయారీదారు పట్టిక తెరవండి. డబ్బు మిగిలితే పెద్ద ప్రాసెసర్ మీద కంటే దూరపు ఆఫీసుల్లో డిస్ట్రిబ్యూషన్ సర్వర్ల మీద పెట్టడమే మేలు.