కయాక్‌పై బాస్ చేపల పోటీ: ఎరల ఎంపికలో చేప ప్రాణమే కొలమానం

గురుగ్రామ్: ఆరావళి కొండల పాదాన, సోహ్నా సమీపంలో ఉన్న దమ్‌దమా సరస్సు దేశ రాజధాని ప్రాంత వాసులకు పడవ విహార స్థలంగా సుపరిచితం. వాననీటిని నిలపడానికి 1947లో కట్టిన కట్ట వెనుక ఏర్పడిన ఈ సరస్సులో ఎంత లోతు నీరుండాలో ఏటా వర్షమే నిర్ణయిస్తుంది. ఇటువంటి నిలకడ నీటిలో పెద్ద మరపడవ కంటే, ఒక్క మనిషి కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నని కయాక్ సులువుగా తిరుగుతుంది. అమెరికాలో ఇదే చిన్న పడవ ఒక ప్రత్యేక క్రీడకు ఆధారమైంది. అదే కయాక్ మీద నుంచి లార్జ్‌మౌత్ బాస్ చేపను కృత్రిమ ఎరతో పట్టి, కొలిచి, ఫొటో తీసి, తిరిగి నీటిలో వదిలే పోటీ.

బాస్ భారతీయ జలాలకు సహజమైన చేప కాదు. అయినా దాని కోసం రూపొందిన గాలపు కర్రలు, రీళ్లు, రబ్బరు కప్పలు, ప్లాస్టిక్ వానపాములు నేడు మన దేశంలోనూ ఆన్‌లైన్ అంగళ్లలో దొరుకుతున్నాయి. వందల రకాలు కళ్లెదుట ఉన్నప్పుడు ఏది కొనాలో తేల్చుకోవడం కొత్తవారికి కష్టమే. అయితే ఈ పోటీల నియమాలను పరిశీలిస్తే సామగ్రి ఎంపిక రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుందని అర్థమవుతుంది. కూర్చున్న మనిషి చేతికందే దూరంలో ఈ వస్తువు పని చేస్తుందా? పట్టిన చేప ప్రాణంతో తిరిగి వెళుతుందా?

తూకం పోయి కొలత వచ్చిన వైనం

ఆధునిక బాస్ పోటీలకు 1967లో అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్రంలో, బీవర్ లేక్ జలాశయంపై రే స్కాట్ నాంది పలికారు. తొలినాళ్లలో పట్టిన చేపలను తూకం వేసేవారు. వాటిలో చాలా భాగం తిరిగి నీటికి చేరేవి కావు. 1972లో స్కాట్ పట్టిన చేపను చంపవద్దని ప్రచారం ప్రారంభించారు. దాంతో మరపడవల్లో గాలి నీటిలోకి నిరంతరం ఎక్కే తొట్లు తప్పనిసరి అయ్యాయి. చేపను వాటిలో ఉంచి, సాయంత్రం తూకం వేసి, వదిలివేయడం ఆనవాయితీగా మారింది.

కయాక్‌లో అటువంటి తొట్టికి చోటు లేదు. అందువల్ల తూకానికి బదులు పొడవు ప్రమాణమైంది. ప్రతి పోటీదారు వద్ద ఒక కొలపట్టీ ఉంటుంది. దాని ఒక చివర నిలువుగా ఉండే అడ్డుపలకకు చేప మూసిన నోరు తగిలేలా పడుకోబెట్టి, ఆ రోజు ఇచ్చిన గుర్తింపు సంఖ్య కూడా కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీస్తారు. కొలత పావు అంగుళం లెక్కన నమోదవుతుంది. సాధారణంగా ఉత్తమమైన ఐదు చేపల పొడవుల మొత్తమే తుది ఫలితం. నోరు తెరుచుకుని ఉన్నా, గుర్తింపు సంఖ్య కనబడకపోయినా ఆ చేప లెక్కలోకి రాకపోవచ్చు, లేదా కొలతలో కోత పడవచ్చు. ఈ పద్ధతిలో చేప పట్టిన చోటనే, కొద్ది నిమిషాల్లోనే నీటికి తిరిగి చేరుతుంది.

నీటి పొరలను బట్టి ఎర

ఈ పోటీల్లో సజీవ ఎరలకు సాధారణంగా అనుమతి ఉండదు. కృత్రిమ ఎరలు ఎన్ని రకాలున్నా, అవి పనిచేసే లోతును బట్టి మూడు వర్గాలుగా చూడవచ్చు.

మొదటివి నీటి ఉపరితలంపై కదిలేవి. వీటిలో ముఖ్యమైనది లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప. దాని రెండు గాలాల మొనలు పైకి తిరిగి శరీరానికి ఆనుకుని ఉంటాయి. అందుచేత తామరాకులు, నాచు మీదుగా లాగినా చిక్కుకోదు. చేప దాన్ని నొక్కినప్పుడు రబ్బరు కుదించుకుపోయి మొనలు బయటపడతాయి. నీరు చిట్లిన శబ్దం వినగానే కర్రను లాగితే ఎర చేప నోటి నుంచి ఊడివస్తుంది. ఒక క్షణం ఆగి, దారంలో బరువు తెలిసిన తర్వాత లాగాలి.

రెండవ వర్గం నడిమి నీటిలో ఈదేవి. తిరిగే రేకులతో మెరుస్తూ ప్రకంపనలు పుట్టించే స్పిన్నర్‌బైట్, ముందు పెదవి వంటి పలక ఉండి లాగినప్పుడు లోతుకు మునిగే క్రాంక్‌బైట్ ఈ కోవకు చెందినవి. చేప ఆకారపు ఎరల చరిత్రలో ఫిన్లాండ్‌కు చెందిన లౌరీ రపాలా పేరు ప్రసిద్ధం. గుంపులో తడబడుతూ ఈదే చిన్న చేపనే పెద్ద చేప ఎంచుకుంటుందని గమనించి, 1936లో ఆయన బెండును చెక్కి, చాక్లెట్ల మీది మెరుపుకాగితం చుట్టి తన ఎరను తయారు చేశారు. కయాక్ వేటలో ఈ వర్గానికి ఒక చిక్కు ఉంది. లోతుకు దిగే క్రాంక్‌బైట్‌ను చుట్టుకుంటున్నప్పుడు దాని ప్రతిఘటనకు తేలికైన పడవే ఎర వైపు జరుగుతుంది. అందుకే కయాక్‌లో తక్కువ ఈడ్పు ఉన్న చిన్న పలకల ఎరలు అనుకూలం.

మూడవ వర్గం అడుగును తాకుతూ మెల్లగా కదిలేవి. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ మెత్తని ప్లాస్టిక్ వానపామును రూపొందించారు. తర్వాతి కాలంలో గాలం మొనను ఆ ప్లాస్టిక్‌లోనే దాచి, ముందు తూటా ఆకారపు బరువు వేసే టెక్సాస్ రిగ్ ప్రచారంలోకి వచ్చింది. మునిగిన చెట్ల కొమ్మలు, పొదల మధ్య చిక్కకుండా వెళ్లగలగడం దీని ప్రత్యేకత. చేపలు మందకొడిగా ఉన్న రోజున బరువును కింద, గాలాన్ని దానికి కొంత పైన కట్టే డ్రాప్‌షాట్ పద్ధతి అక్కరకు వస్తుంది. అడుగు ఎరతో వేటాడాలంటే దారం బిగువుగా ఉండాలి. గాలికి కయాక్ కొట్టుకుపోతుంటే ఆ బిగువు నిలవదు. కనుక లోతు తక్కువ చోట అడుగులో గుచ్చే పొడవాటి గుంజ, లోతైన చోట చిన్న లంగరు ఎరలంత ముఖ్యమైన పరికరాలు.

రంగు విషయంలో సూత్రం సరళమైనది. తేట నీటిలో చిన్న చేపల సహజ వర్ణాలు, వాననీరు చేరి బురదగా మారినప్పుడు నలుపు వంటి ముదురు రంగులు, బలమైన ప్రకంపన ఇచ్చే రేకులు మేలు. కంటికి కనబడని ఎరను చేప ప్రకంపన ద్వారానే గుర్తిస్తుంది.

దారం, కర్ర, గాలం

దారం మూడు రకాలు. మామూలు నైలాన్ దారం సాగుతుంది. అల్లిన దారం దాదాపు సాగదు, తేలుతుంది, నాచును కోయగలదు. ఫ్లోరోకార్బన్ నీటిలో మునుగుతుంది, తక్కువగా కనబడుతుంది. కలుపు మొక్కల మధ్య కప్ప ఎరకు 50 పౌండ్ల బలం గల అల్లిన దారం, టెక్సాస్ రిగ్‌కు 12 నుంచి 17 పౌండ్ల ఫ్లోరోకార్బన్ సాధారణంగా వాడతారు. మరీ సన్నని దారం వేస్తే చేప ఎక్కువసేపు పెనుగులాడి అలసిపోతుంది. వదిలాక అది కోలుకోవడం కష్టమవుతుంది. బలమైన దారం వేటగాడి సౌకర్యానికే గాక చేప క్షేమానికీ అవసరమే.

కయాక్‌లో మనిషి నీటికి అతి సమీపంగా కూర్చుంటాడు. గాలపు కర్ర పిడి మరీ పొడవైతే లైఫ్ జాకెట్‌కు తగులుకుంటుంది. కర్ర మరీ పొట్టిదైతే, పడవ కిందకు దూసుకుపోయిన చేపను పడవ ముక్కు చుట్టూ తిప్పి ఇవతలికి తీసుకురావడం సాధ్యం కాదు. అందుకే సుమారు 7 అడుగుల కర్ర, పొట్టి పిడి మధ్యేమార్గంగా స్థిరపడ్డాయి. నాలుగైదు కర్రలకు మించి వేసుకుంటే చేయి కదపడానికే చోటుండదు. ప్రతి కర్రకూ ఒక్కో ఎర ముందుగానే కట్టి ఉంచితే నీటిపై ముడులు వేసే శ్రమ తప్పుతుంది.

మూడు ముళ్ల గాలాలున్న ఎరలు కయాక్‌లో ప్రమాదకరం. చేప ఒళ్లోకి వచ్చి ఎగిరిపడితే ఒక ముల్లు చేప నోట, మరొకటి మనిషి చేతిలో దిగిన సంఘటనలు అరుదు కాదు. వాటి స్థానంలో ఒంటి గాలాలు బిగించడం, గాలం మొన వెనుక ఉండే ఎదురుముల్లును పటకారుతో నొక్కివేయడం ఉత్తమం. గాలం త్వరగా ఊడుతుంది. చేపకు గాయం తగ్గుతుంది. గాలాన్నే కత్తిరించగల బలమైన కట్టర్ అందుబాటులో ఉండి తీరాలి.

చేప శరీరంపై ఉండే జిగురు పొర దానికి వ్యాధుల నుంచి రక్షణ. ముడులున్న నైలాన్ వల ఆ పొరను గీసివేస్తుంది. రబ్బరు పూత ఉన్న వల అంత హాని చేయదు. ఎండలో కాలిన కొలపట్టీపై చేపను ఉంచడానికి ముందు దాన్ని నీటితో తడపాలి. ఫోన్, గుర్తింపు సంఖ్య, కొలపట్టీ సిద్ధమయ్యేవరకు చేపను వలలోనే, నీటిలోనే ఉంచాలి. నీటి బయట గడిపే ప్రతి క్షణం దాని ఆయుష్షులోంచి తగ్గేదే.

సీసం బరువు, పక్షుల ప్రాణం

ఎర మునగడానికి కట్టే సీసపు గుండ్లు తెగిపోయి అడుగున మిగిలిపోతాయి. ఆహారం అరగడానికి చిన్న రాళ్లు మింగే నీటి పక్షులు వాటిని రాళ్లనుకుని మింగి సీసం విషానికి గురవుతాయి. హంసల మరణాల నేపథ్యంలో బ్రిటన్ 1987లోనే పలు పరిమాణాల సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించింది. టంగ్‌స్టన్ గుండ్లు ప్రత్యామ్నాయం. సీసం కంటే టంగ్‌స్టన్ సాంద్రత ఒకటిన్నర రెట్లకు పైగా ఎక్కువ. అంతే బరువుకు గుండు చిన్నదవుతుంది. అడుగు రాయో, బురదో చేతికి స్పష్టంగా తెలుస్తుంది. ధర మాత్రం ఎక్కువ. గురుగ్రామ్ జిల్లాకే చెందిన, వలస పక్షులకు నెలవైన సుల్తాన్‌పుర్ చిత్తడి నేల 2021లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ జాతీయ ఉద్యానంలో చేపల వేట నిషిద్ధం. అయితే పక్షులు ఉద్యానపు హద్దుల్లోనే ఆగవు. పరిసరాల్లోని చెరువులన్నింటిలోనూ మేస్తాయి. తెగిన దారం, చిరిగిన ప్లాస్టిక్ ఎరలను పడవలోనే దాచి ఒడ్డుకు తేవడం కూడా ఇదే బాధ్యతలో భాగం.

మన జలాల్లో మన చేపలు

భారతీయ జలాల్లో ఈ సామగ్రికి తగిన చేపలు లేకపోలేదు. ఏషియన్ సీబాస్ అని పిలిచే పండుగప్ప ఆంధ్ర తీరపు ఉప్పుటేరుల్లో, నదీముఖాల్లో పెరుగుతుంది. దీని గరుకు నోరు, పదునైన మొప్పల అంచులు సన్నని దారాన్ని కోసివేస్తాయి. అందుకే ఎర ముందు సుమారు 40 పౌండ్ల మందపాటి దారపు ముక్క కట్టాలి. పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే పెద్ద చేపలన్నీ దాదాపుగా గుడ్లు పెట్టే తల్లులే. కొలిచి వదిలే పద్ధతికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను కప్ప ఎరపై విరుచుకుపడే వేటచేప. ఇది గుడ్లను, పిల్లలను కాపలా కాస్తుంది. గాలి పీల్చడానికి గుంపుగా పైకి వచ్చే ఎర్రటి పిల్లలను చూసి ఎర విసిరితే తల్లిదండ్రులు తప్పక దాడి చేస్తాయి. అది ఆకలి కాదు, రక్షణ. ఆ సమయంలో పెద్ద చేపను తీసివేస్తే పిల్లల గుంపంతా ఇతర చేపల పాలవుతుంది. అటువంటి చోట ఎర వేయకపోవడమే సంయమనం.

క్రీడ పేరిట బాస్‌నే ఇక్కడికి తెచ్చి వదలాలన్న ఆలోచన ప్రమాదకరం. జపాన్‌లోని బివా సరస్సులో 2009లో మనాబు కురిటా పట్టిన బాస్, 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెరీ నెలకొల్పిన 10 కిలోల పైచిలుకు ప్రపంచ రికార్డుతో సమానమైనదిగా గుర్తింపు పొందింది. కానీ అదే జపాన్‌లో బాస్ స్థానిక చేపలను తినివేసే చొరబాటు జాతిగా చట్టపరమైన నియంత్రణలో ఉంది. మరోవైపు కొర్రమీనుకు బంధువైన తూర్పు ఆసియా చేప 2002లో అమెరికాలోని మేరీలాండ్ చెరువులో కనబడినప్పుడు అక్కడి అధికారులు ఆందోళన చెంది చెరువులో మందు చల్లారు. ఒక దేశంలో గౌరవం పొందే చేప మరో దేశంలో ఉపద్రవం కాగలదు.

నీటిలోకి దిగేముందు

తెలుగు రాష్ట్రాల్లో అనేక చెరువుల చేపల హక్కులు మత్స్యకార సహకార సంఘాలవి. వారు విడిచిన పిల్లలే అక్కడ పెరుగుతాయి. హర్యానాలోనూ గ్రామ చెరువులను చేపల పెంపకందారులకు కౌలుకు ఇస్తుంటారు. వదిలేసే చేపే అయినా, హక్కుదారుల అనుమతి లేనిదే ఎర వేయడం సరికాదు.

చివరిగా, పోటీలన్నీ తప్పనిసరి చేసే పరికరం ఎర కాదు, లైఫ్ జాకెట్. నీటిపై ఉన్నంతసేపూ దాన్ని కట్టుకునే ఉండాలి. చేపను అందుకోవడానికి ఒక పక్కకు వంగినప్పుడే చాలా కయాక్‌లు ఒరిగిపోతాయి. వెనుక పెట్టెలో మడిచి ఉంచిన జాకెట్ ఆ క్షణంలో చేతికందదు. చేపను వదిలి రావడం ఈ క్రీడ నియమం. మనిషి తిరిగి ఒడ్డుకు చేరడం దానికంటే ముందున్న నియమం.