మలివయసులో ఇంధన విద్య: సంప్రదాయేతర సహజ వాయువుపై రామచంద్రపురం ప్రాంత పెద్దలకు అవగాహన ఆవశ్యకం

(ప్రత్యేక వ్యాసం)

రామచంద్రపురం: గోదావరి డెల్టాలో చమురు, సహజ వాయువుల అన్వేషణ ప్రారంభమై నాలుగు దశాబ్దాలు దాటింది. రామచంద్రపురం పరిసరాల్లోను, గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్న కోనసీమలోను అరవై ఏళ్లు పైబడిన వారికి గ్యాస్ బావి, పైపులైను, ఆకాశంలో ఎర్రని మంట కొత్తవి కావు. అయితే షేల్ గ్యాస్, టైట్ గ్యాస్, గ్యాస్ హైడ్రేట్లు వంటి మాటలు వారు చదువుకొన్న రోజుల్లో ఏ పాఠ్యపుస్తకంలోను లేవు. భూమి పట్టాలు అధికంగా ఈ తరం వారి పేరిటనే ఉండగా, గ్రామసభలో వారి మాటకు విలువ ఎక్కువ. ఉత్పత్తి ప్రాజెక్టు ఏదైనా ప్రతిపాదనకు వచ్చినప్పుడు అభిప్రాయం తెలిపేందుకు ప్రజలకు లభించే కనీస గడువు 30 రోజులు. ఆ వ్యవధిలో విషయం మొదటి నుంచి నేర్చుకోవడం దుస్సాధ్యం. కనుక మలివయసులో ఇంధన విద్య కాలక్షేపం కాదు, పౌర బాధ్యతలో భాగం.

రెండు రకాల వాయువుకు గల భేదం

సంప్రదాయ వాయువు తాను పుట్టిన పొర నుంచి పైకి కదిలి, రంధ్రాలు గల ఇసుకరాయిలో చేరి, పైనున్న గట్టి పొర అడ్డుపడటంతో అక్కడ నిలిచిపోతుంది. బావి తవ్వగానే సొంత పీడనంతో వెలికి వస్తుంది. సంప్రదాయేతర వాయువు అట్లు రాదు. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన షేల్ రాతిలో పుట్టి అక్కడే చిక్కుకొన్నది షేల్ గ్యాస్. సందులు బహు స్వల్పంగా ఉన్న ఇసుకరాయిలో ఉన్నది టైట్ గ్యాస్. బొగ్గు పొరలను అంటిపెట్టుకొన్నది కోల్ బెడ్ మీథేన్. సముద్రగర్భంలో అధిక పీడనం, అల్ప ఉష్ణోగ్రతల వద్ద నీటితో కలిసి మంచుగడ్డ వలె మారినది గ్యాస్ హైడ్రేట్. అన్నింటిలోను ప్రధానంగా ఉండేది మీథేనే. మారేది రాయి, దానితోపాటు వెలికితీసే పద్ధతి, ఖర్చు.

షేల్ గ్యాస్ కొరకు బావిని నిలువుగా లోతుకు తవ్వి, ఆ పిదప పొర వెంబడి అడ్డంగా మళ్లిస్తారు. నీరు, ఇసుక, కొద్దిపాటి రసాయనాలు కలిపి అధిక పీడనంతో పంపి రాతిని చీలుస్తారు. ఆ చీలికలు మూసుకుపోకుండా ఇసుక నిలబెడుతుంది. దీనినే ఫ్రాకింగ్ అంటారు.

ఊళ్ల పేర్లే రాతి పొరల పేర్లు

ఈ విషయం స్థానికులకు బోధించడానికి అనువైన ఆధారం వారి ఊళ్ల పేర్లలోనే ఉన్నది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని భూగర్భ పొరలకు శాస్త్రజ్ఞులు ఆయా గ్రామాల పేర్లే పెట్టారు. కొమ్ముగూడెం, మండపేట, రాఘవాపురం, రాజోలు, పాలకొల్లు, పాశర్లపూడి, భీమనపల్లి, మత్స్యపురి అనునవి భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో రాతి పొరల పేర్లు. వీటిలో రాఘవాపురం షేల్, బొగ్గుతో కూడిన కొమ్ముగూడెం పొర వాయువు పుట్టిన మూలశిలలుగా గుర్తింపు పొందాయి. రామచంద్రపురానికి పొరుగునే ఉన్న మండపేట పేరిట గల ఇసుకరాయి పొర టైట్ గ్యాస్‌కు ఉదాహరణ.

అంచనాలు వేరు, ఉత్పత్తి వేరు

పత్రికల్లో వెలువడే నిల్వల అంకెలను చదవడం కూడా నేర్వదగిన విద్యయే. కాంబే, కృష్ణా-గోదావరి, కావేరి బేసిన్లలో కలిపి సాంకేతికంగా వెలికితీయగల షేల్ గ్యాస్ 6.1 ట్రిలియన్ ఘనపుటడుగులని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2012లో పేర్కొంది. మరుసటి ఏడాది అదే దేశపు ఇంధన సమాచార సంస్థ భారతదేశానికి 96 ట్రిలియన్ ఘనపుటడుగులని లెక్కించింది. రెండింటి పద్ధతులు వేరు, పరిధులు వేరు. సాంకేతికంగా తీయగలది అన్నంత మాత్రాన గిట్టుబాటు ధరకు తీయగలదని అర్థం కాదు.

కేంద్ర ప్రభుత్వం 2013 అక్టోబరులో షేల్ విధానం ప్రకటించి, తొలి దశలో ఓ.ఎన్.జి.సి.కి 50 బ్లాకుల్లో అన్వేషణకు అవకాశం కల్పించింది. వాటిలో 10 కృష్ణా-గోదావరి బేసిన్‌లోనివి. 2018 ఆగస్టులో అన్ని రకాల సంప్రదాయేతర వనరుల అన్వేషణకు వీలు కల్పిస్తూ మరో విధానం ఆమోదం పొందింది. 1948 నాటి చమురు క్షేత్రాల చట్టానికి 2025లో చేసిన సవరణ ద్వారా షేల్ గ్యాస్, కోల్ బెడ్ మీథేన్‌లకు నిర్వచనంలో స్పష్టత లభించింది. దేశంలో కోల్ బెడ్ మీథేన్ వాణిజ్య ఉత్పత్తి 2007లో రాణిగంజ్ ప్రాంతంలో మొదలైంది. షేల్ గ్యాస్ మాత్రం ఇంకను ఆ స్థాయికి చేరలేదు. హైడ్రేట్ల విషయానికి వస్తే, 2006లో జరిపిన జాతీయ యాత్రలో కృష్ణా-గోదావరి తీరానికి ఆవల సముద్రగర్భంలో వంద మీటర్లకు పైబడిన మందంగల నిక్షేపం బయల్పడింది.

అనుభవం నేర్పినవి, నేర్పనివి

1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద తవ్వకం జరుగుతున్న బావి నుంచి వాయువు అదుపుతప్పి ఎగదన్ని అంటుకొంది. మార్చి 15 వరకు, అనగా సుమారు 65 రోజులు మంట ఆగలేదు. పరిసర గ్రామాల ప్రజలను ఖాళీ చేయించవలసి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలి మంటలు చెలరేగిన దుర్ఘటనలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొడి వాయువు కొరకు ఉద్దేశించిన లైనులో తేమతో కూడిన వాయువు ప్రవహించడం, లోపలి తుప్పు ఇందుకు కారణాలుగా విచారణలో వెల్లడైంది.

మొదటి ఘటన బావి లోపలి పీడనాన్ని గూర్చి, రెండవది పైపు నిర్వహణను గూర్చి హెచ్చరించాయి. అయితే అనుభవం కొన్ని అపోహలను కూడా మిగిల్చింది. వాసన రాకుంటే గ్యాస్ లేనట్లేనన్నది వాటిలో ఒకటి. సహజ వాయువుకు స్వతహాగా వాసన ఉండదు. వంట సిలిండరులో వచ్చే వాసన భద్రత కొరకు కలిపినది. సిలిండరులోని ఎల్.పి.జి. గాలికంటె బరువైనది కనుక నేలబారుగా పరచుకొంటుంది. మీథేన్ తేలికైనది కనుక పైకి లేస్తుంది. ద్రవాంశాలు కలిసిన తడి వాయువు మాత్రం నేల వెంబడి కమ్ముకొనగలదు. కనుక పైపులైను సమీపంలో అసాధారణమైన మంచుపొగ, బుసకొట్టు శబ్దం, బురదలో బుడగలు కన్పించినచో పొయ్యి వెలిగించరాదు, వాహనం స్టార్టు చేయరాదు. దూరంగా వెళ్లిన పిదప గుర్తుబోర్డుపై గల నెంబరుకు, అధికారులకు తెలుపవలెను.

ఫ్రాకింగ్ విషయంలో పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు మరి కొన్ని ఉన్నాయి. ప్రతి బావికి లక్షల లీటర్ల నీరు అవసరం. రామచంద్రపురం తూర్పు డెల్టా కాలువలపైన, కోనసీమ మధ్య డెల్టా కాలువలపైన ఆధారపడిన ప్రాంతాలు. తీరం వైపు భూగర్భ జలాలకు ఉప్పు సమస్య ఉన్నది. నీరు ఎక్కడి నుంచి తెస్తారు, బావి నుంచి తిరిగివచ్చే ఉప్పునీటిని ఎచ్చట శుద్ధి చేస్తారు, మంచినీటి పొరకు రక్షణగా ఉక్కు కేసింగు, సిమెంటు ఎంత లోతు వేస్తారు అన్న మూడు ప్రశ్నలు ఏ ప్రతిపాదనలోనైనా కీలకం.

అభిప్రాయ సేకరణ: తెలియవలసిన నియమాలు

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వవలెను. పత్రికలు చేరని చోట దండోరా వేయించవలెను. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండవలెను. సభకు కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గాని అధ్యక్షత వహిస్తారు. హాజరైన ప్రతి ఒక్కరికీ వివరణ కోరే అవకాశం ఉన్నది. కార్యక్రమం వీడియోలో నమోదవుతుంది. ముగింపులో సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించవలెను.

ఇందులో ఒక ముఖ్య భేదం గమనార్హం. 2020 జనవరి 16 నాటి సవరణతో అన్వేషణ దశ బి-2 తరగతికి మారింది. ఆ దశలో ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదు. ఉత్పత్తి, అభివృద్ధి దశకు అది యథాతథంగా వర్తిస్తుంది. విలేకరులు వార్త రాసేటప్పుడు ప్రాజెక్టు ఏ దశలో ఉన్నదో పేర్కొన్నచో పాఠకులకు అనవసర సందేహాలు తొలగుతాయి.

పైపులైను వేసే భూమిపై హక్కును గూర్చి కూడా అపోహలున్నాయి. 1962 నాటి చట్టం ప్రకారం యాజమాన్యం రైతుదే. వినియోగ హక్కు మాత్రమే సంస్థకు సంక్రమిస్తుంది. అందుకు భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దానికి అదనంగా పంట, చెట్ల నష్టం చెల్లిస్తారు. ఆ పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. కొబ్బరిపై ఆధారపడిన రైతుకు ఈ చివరి షరతు ముందుగా తెలియడం అత్యవసరం.

వయసు అడ్డు కాదు

అమెరికాలోని టెక్సాస్‌లో షేల్ వాయువును గిట్టుబాటుగా వెలికితీసిన ఘనత పొందిన జార్జ్ మిచెల్ 1919లో జన్మించారు. 1990 దశకం చివర ఆయన సంస్థకు ఆ విజయం లభించేనాటికి ఆయన ఎనభై ఏళ్లకు చేరువలో ఉన్నారు. నేర్చుకొనుటకు వయోపరిమితి లేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

శాఖా గ్రంథాలయాల్లో నివేదికల తెలుగు సారాంశాలను పెద్ద అక్షరాలలో అందుబాటులో ఉంచుట, పింఛనుదారుల, వయోవృద్ధుల సంఘాల సమావేశాలకు సాంకేతిక సిబ్బందిని పంపుట, దండోరాతోపాటు ప్రశ్నోత్తరాల కరపత్రం పంచుట ఖర్చుతో కూడిన పనులు కావు. చదవలేని వారికి చదివి వినిపించే బాధ్యతను గ్రామ స్థాయి సిబ్బంది స్వీకరించవచ్చు. పాశర్లపూడి మంటను చూసిన తరం తన జ్ఞాపకానికి శాస్త్ర జ్ఞానాన్ని జోడించుకొన్నప్పుడు సభలో వారి ప్రశ్న భయంతో గాక అవగాహనతో వెలువడుతుంది. దానికి సూటిగా సమాధానమిచ్చుట అధికారులకు, సంస్థలకు కూడా సులభమవుతుంది.