మత్తు కన్న మెలకువ ముఖ్యం

కాణిపాకం పరిసర గ్రామాలనుండి రోగిని తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సి.ఎం.సి.కో తరలించి శ్వాసయంత్రంపై ఉంచినప్పుడు, బంధువులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మత్తిచ్చి పండబెట్టినారు సామీ, మనిషి మళ్లా కండ్లు తెరుస్తాడా?"

ఆ భయాన్ని తీర్చటం వైద్యధర్మం. గొంతులో గొట్టమున్న రోగి భయంతో దానిని పెరికివేసుకోవచ్చు. అందుకే ముందు నొప్పికి మందు, పిదప అవసరమైనంత మత్తు ఇస్తారు. పాలవలె తెల్లని ప్రొపొఫాల్‌ను నరంలోకి ఎక్కించిన నిమిషంలోపే నిద్ర వస్తుంది. కొద్దిసేపే వాడినచో, ఆపిన కొన్ని నిమిషాలకే మెలకువ కలుగుతుంది. అయితే అది రక్తపోటును, శ్వాసను తగ్గిస్తుంది గనుక అనుక్షణం కనిపెట్టి ఉండాలి. మిడజోలాం కూడ స్వల్పకాలికమే. కాని కాలేయం, మూత్రపిండాలు చెడినవారిలో చాలాసేపు నిలుస్తుంది. డెక్స్‌మెడిటొమిడిన్ ఇచ్చిన రోగి తరచు పిలిస్తే పలికేటంత తేలిక నిద్రలో ఉంటాడు.

స్వల్పకాలిక ఔషధాల ప్రయోజనం మెలకువలోనే ఉన్నది. 2000లో చికాగో వైద్యులు 128 మంది రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించారు. దినమునకొకసారి మత్తు ఆపి మేల్కొలిపినవారికి శ్వాసయంత్రం అవసరమైన మధ్యస్థ కాలం 4.9 రోజులు, తక్కినవారికి 7.3 రోజులు. మన భోజప్రబంధ కథలోనూ వైద్యులు రాజును మూర్ఛింపజేసి, చికిత్సానంతరం సంజీవనితో మేల్కొలుపుతారు. నిద్రపుచ్చినవాడు మేల్కొలపటమూ ఎరిగి ఉండాలన్నదే భావం.

బంధువులు పాటించవలసినవి మూడు:

1. రోగికి మద్యపానం అలవాటుంటే దాచవద్దు. మద్యం హఠాత్తుగా ఆగినచో వణుకు, భ్రాంతి, మూర్ఛలు రావచ్చు. మత్తుమందు మోతాదూ మారవచ్చు.

2. అశ్వగంధ, జటామాంసి, సర్పగంధ వంటివి వాడుతుంటే తప్పక చెప్పండి. మొదటి రెండు మత్తును పెంచవచ్చు. సర్పగంధ రక్తపోటును మరింత దించవచ్చు. మన మందు మంచిదే గదా అని ఊరకుండరాదు.

3. మగతలో ఉన్న రోగి నోట కషాయంగాని, తీర్థంగాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం.

వరసిద్ధి వినాయకుని సన్నిధిలో అసత్యమాడుటకు జంకే మనం, వైద్యుని ఎదుటకూడ అట్లే సత్యం చెప్పాలి. మత్తు తగ్గించిన వేళ, వైద్యుల అనుమతితో రోగిని పేరుపెట్టి పిలవండి. అది ఏ ఊరో, ఏ వారమో చెప్పండి. కలతచెందిన మనస్సు కుదుటపడటానికి ఆప్తుని కంఠధ్వని ఎంతో తోడ్పడుతుంది.