టైరు మీద ఆ చివరి అక్షరం చూశారా?

“సైజు అదే సార్, కంపెనీ కూడా అదే. టైరుకు మూడు నాలుగొందలు తగ్గుతుంది. వేసేయమంటారా?” టైర్ల షాపులో ఈ మాట వినగానే చాలామంది సరేనంటారు. సైజు పక్కనే ఉన్న రెండంకెలు, ఒక అక్షరం సంగతి ఎవరూ అడగరు. కానీ మండుటెండల్లో గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కేవాళ్లకు ఆ అక్షరంతో చాలా పనుంది.

ఏమిటా అక్షరం?

మీ కారు టైరు పక్క భాగంలో 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉందనుకోండి. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్క భాగం ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ సైజు, అంగుళాల్లో. 88 అనేది బరువు అంకె. అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోయగలదు. చివర ఉన్న హెచ్ స్పీడ్ రేటింగ్. సరైన గాలి, సరైన బరువు ఉంటే గంటకు 210 కి.మీ. వేగం దాకా తట్టుకుంటుందని దానర్థం.

ఎక్కువగా కనిపించే అక్షరాలు ఇవీ (గంటకు కి.మీ.లలో):

క్యూ – 160
ఎస్ – 180
టి – 190
హెచ్ – 210
వి – 240
డబ్ల్యు – 270

ఇక్కడే ఒక తిరకాసుంది. ఇంగ్లిష్ అక్షరాల వరసలో హెచ్ ముందొస్తుంది, టి తర్వాతొస్తుంది. అందుకని టి పెద్ద రేటింగ్ అనుకుంటాం. నిజానికి హెచ్ కంటే టి తక్కువ. “ఇది ఇంకా పై రకం” అని ఎవరైనా హెచ్ తీసి టి వేస్తే మీరు ఒక మెట్టు దిగినట్టే.

“నేను వంద దాటను కదా!”

న్యాయమైన ప్రశ్నే. వందలో వెళ్లేవాళ్లకు 190 అయితేనేం, 210 అయితేనేం? అసలు సంగతేమిటంటే, ఆ అక్షరం వేగంతో పాటు వేడిని తట్టుకునే శక్తిని కూడా చెబుతుంది. టైరు తిరిగే ప్రతిసారీ రోడ్డుకు ఆనిన చోట నలిగి, మళ్లీ సాగుతుంది. ఆ నలుగుడే వేడిగా మారుతుంది. వేగం పెరిగినా, బరువు పెరిగినా, గాలి తగ్గినా వేడి పెరుగుతుంది. హద్దు దాటితే లోపలి స్టీలు తీగల పొరలను రబ్బరు వదిలేస్తుంది. పైపొర లేచిపోతుంది, లేదా టైరు పేలిపోతుంది.

రేటింగ్ ఇచ్చేముందు కొత్త టైరును పెద్ద డ్రమ్ము మీద తిప్పుతారు. పది నిమిషాలకోసారి వేగాన్ని పది కి.మీ. చొప్పున పెంచుతూ పరీక్షిస్తారు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆ గదిలో వేడి మామూలుగా 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో గాలే 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం తారు రోడ్డు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. దానికితోడు పెళ్లికని ఐదుగురు ఎక్కి, పైన సామాను కట్టి, గాలి నాలుగైదు పాయింట్లు తక్కువతో బయల్దేరతాం. వందకూ రెండొందలకూ మధ్య ఉన్న తేడాను ఇవన్నీ కలిసి తినేస్తాయి. ఒక మెట్టు తగ్గినంత మాత్రాన టైరు రేపే పేలదు. కానీ మనకున్న భద్రత అంతమేర తగ్గుతుంది.

కొనేముందు ఇవి చూడండి

పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడైనా, ఎక్కడైనా కారు బరువు, వేగం లెక్కగట్టే కంపెనీ టైరును నిర్ణయిస్తుంది. టైరు సైజు, గాలి వివరాలు సాధారణంగా డ్రైవరు వైపు డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటాయి. బరువు అంకె, అక్షరం అక్కడ కనబడకపోతే కారు పుస్తకంలో చూడండి. పాత టైరును నమ్మొద్దు, దాన్ని ఇంతకుముందే ఎవరైనా మార్చి ఉండొచ్చు.

• బరువు అంకె గానీ, అక్షరం గానీ కంపెనీ చెప్పినదానికన్నా తగ్గకూడదు. ఎక్కువైతే ఫర్వాలేదు, కాకపోతే ధర పెరగొచ్చు.

• నాలుగూ ఒకే రేటింగ్‌వి వేయించండి. కలగలుపుగా వేస్తే అన్నిటికన్నా తక్కువున్న టైరు హద్దే కారుకూ హద్దు. రెండే కొంటే కొత్తవి వెనక చక్రాలకు వేయించండి.

• తయారీ తేదీ చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి.

• రీబటన్ టైరు మీద మిగిలిన పాత అక్షరాన్ని నమ్ముకోవద్దు. ఆ పరీక్ష కొత్తగా ఉన్నప్పటిది. టైరు పక్క భాగంలో కోత పడితే అతుకు వేయించొద్దు, మార్చేయండి.

• “ఎండాకాలం కదా, గాలి తగ్గించి పట్టించు” అనే సలహా వినొద్దు. గాలి తగ్గితే టైరు ఇంకా నలుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. పొద్దున బండి తీయకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడు స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం గాలి చూసుకోండి.

నాలుగు టైర్లకు మిగిలేది వెయ్యో, పదిహేను వందలో. ఆ టైర్ల మీద ఇల్లంతా ప్రయాణం చేస్తుంది. అందుకే డబ్బులిచ్చేముందు షాపతన్ని చివరి అక్షరం పైకి చదవమనండి. బిల్లులో సైజుతో పాటు ‘88 హెచ్’ అని కూడా రాయించుకోండి.