కేంద్రం దాకా వెళ్లకుండానే వంపును కొలిచే తాడు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సాక్చిలోని టాటా ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టాలు మెసొపొటేమియా దాకా వెళ్లాయి. ఆ సేవకు గుర్తింపుగా 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పక్కనే ఉన్న కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

పట్టాలు ఎక్కడివైనా, అవి వంపు తిరిగే చోట ఇంజనీర్లకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ప్రతి వంపూ ఒక పెద్ద వృత్తంలో చిన్న ముక్క. దాని వ్యాసార్థం తెలిస్తేనే అక్కడ రైలు ఎంత వేగంతో వెళ్లవచ్చో, బయటి పట్టాను ఎంత ఎత్తులో ఉంచాలో తేలుతుంది. కానీ వృత్తకేంద్రం ఏ కిలోమీటరు అవతలో, పొలాల మధ్యనో చెరువులోనో ఉంటుంది. టేపు పట్టుకుని అక్కడికి వెళ్లడం కుదరదు.

తాడు, స్కేలు చాలు

భారతీయ రైల్వేలో దీనికి 20 మీటర్ల తాడు వాడతారు. బయటి పట్టా లోపలి అంచుకు తాడు రెండు కొసలనూ ఆనించి బిగుతుగా లాగుతారు. సరిగ్గా మధ్యలో తాడుకూ పట్టాకూ ఉన్న ఎడాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. దీని పేరు వర్సైన్.

తాడు వృత్తానికి జ్యా. అందులో సగం 10 మీటర్లు. కేంద్రం, జ్యా మధ్యబిందువు, జ్యా కొస కలిస్తే లంబకోణ త్రిభుజం ఏర్పడుతుంది. పైథాగరస్ సిద్ధాంతం వర్తింపజేస్తే, వర్సైన్‌ను వ్యాసంలో మిగిలిన భాగంతో గుణించిన ఫలితం సగం జ్యా వర్గానికి సమానమని తేలుతుంది. వర్సైన్ 50 మి.మీ., అంటే 0.05 మీటరు అనుకుందాం. 100ను 0.05తో భాగిస్తే 2,000. వ్యాసం సుమారు 2,000 మీటర్లు, వ్యాసార్థం 1,000 మీటర్లు. అందుకే రైల్వే సూత్రం సులువు: 50,000ను మిల్లీమీటర్లలోని వర్సైన్‌తో భాగిస్తే మీటర్లలో వ్యాసార్థం వస్తుంది.

ఈ సంబంధం మనకు కొత్త కాదు. 476లో జన్మించిన ఆర్యభటుడు ఆర్యభటీయంలోని గణితపాదంలో దీన్ని చెప్పాడు. చాపం అంటే విల్లు, జ్యా అంటే అల్లెతాడు, మధ్యలోని ఎడం శరం, అంటే బాణం.

ఒక్క మిల్లీమీటరు

పైన చెప్పిన వంపులో 50కి బదులు 51 అని చదివితే వ్యాసార్థం 980 మీటర్లే వస్తుంది. అంటే 20 మీటర్ల తేడా! అందుకే ఒక్క చోట కొలిచి ఊరుకోరు. ప్రతి 10 మీటర్లకూ తాడును జరుపుతూ కొలుస్తారు. అంకెలన్నీ దగ్గరదగ్గరగా ఉంటే వంపు నున్నగా ఉన్నట్టు. హెచ్చుతగ్గులుంటే బోగీలు ఊగుతాయి, చక్రాలు పట్టాను పక్కకు నెడతాయి. ఆ తేడా మరీ పెరిగితే ప్రమాదమే.

సరిచేసే లెక్క కూడా సరళమే. వరుసగా మూడు చోట్ల 45, 60, 45 వచ్చాయనుకుందాం. మధ్య బిందువును 10 మి.మీ. లోపలికి జరిపితే అక్కడి వర్సైన్ 10 తగ్గుతుంది. ఆ బిందువు ఇరుపక్కల తాళ్లకూ కొస కాబట్టి, ఆ రెండు చోట్లా 5 చొప్పున పెరుగుతుంది. ఇప్పుడు మూడూ 50! మొత్తం మాత్రం మారలేదు, అప్పుడూ ఇప్పుడూ 150.

ఇంట్లో పగిలిన పళ్లెం ముక్కతోనూ దీన్ని పరీక్షించవచ్చు. జ్యా 12 సెం.మీ., ఎడం 2 సెం.మీ. ఉంటే, 36ను 2తో భాగిస్తే 18. దానికి 2 కలిపితే వ్యాసం 20 సెం.మీ. పళ్లెం ముక్క చిన్నది కాబట్టి ఇక్కడ ఆ 2 కలపడం మరచిపోకూడదు. కిలోమీటరు వ్యాసార్థమున్న పట్టాల వంపులో మాత్రం ఆ కొసరు 5 సెంటీమీటర్లే. అందుకే రైల్వే సూత్రం దాన్ని వదిలేసింది.