కొండదారి సైకిల్ పందెం: అపోహలు – వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు, మదనపల్లె రోడ్ల మీద లావు టైర్ల గేరు సైకిళ్లు ఇప్పుడు కొత్త కాదు. వాటిని తొక్కేవాళ్లలో కొందరికి గంటల తరబడి సాగే కొండదారి పందెంలో దిగాలన్న కోరిక కలుగుతుంది. చాలామందిని వెనక్కి లాగేది కాళ్లలో సత్తువ లేకపోవడం కాదు, చుట్టూ వినపడే మాటలే. వాటిలో ఏది నిజమో చూద్దాం.

అపోహ: ఇది హిమాలయాల ఆట, మన దగ్గర సాధన కుదరదు.

వాస్తవం: హిమాచల్ ప్రదేశ్‌లో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ సైకిల్ పందెం మన దేశంలో ఈ ఆటకు పేరు తెచ్చింది. అంతమాత్రాన సాధనకు మంచుకొండలే కావాలని లేదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. దగ్గర్లోని హార్సిలీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. కొండ మొదలు నుంచి పైదాకా రెండుసార్లు ఎక్కితే ఒక్క పూటలో వెయ్యి మీటర్ల ఎక్కుడు కాళ్లకు అలవాటవుతుంది. దీనికి మామిడితోటల మధ్య బండిబాటలు, ఇసుక వంకలు తోడు చేసుకోండి. ఇసుకలో ముందు చక్రం మీద భారం తగ్గించి, హ్యాండిల్ మీద పట్టు సడలించి, ఆపకుండా తొక్కే నేర్పు అక్కడే వస్తుంది.

అపోహ: సైకిలే కదా, అడవిలో ఎక్కడికైనా పోవచ్చు.

వాస్తవం: పోకూడదు. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు అందులోనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కుల్లో, అభయారణ్యాల్లో అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. శేషాచలంలో చిరుతలున్నాయి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి. ఎర్రచందనం దొంగల కోసం అటవీ సిబ్బంది రాత్రీపగలూ కాపు కాస్తుంటారు. అడవి అంచు పల్లెల దారుల్లోనైనా తెల్లగా తెల్లవారాకే, తోడుతోనే బయలుదేరాలి. ఈ కొండలు మనకంటే ముందు ఆ ప్రాణులవి.

అపోహ: టైర్లలో గాలి రాయిలా కొడితే వేగం పెరుగుతుంది, పంక్చరు కాదు.

వాస్తవం: నున్నటి తారురోడ్డు మీద గట్టి టైరు బాగానే దొర్లుతుంది. రాళ్లదారిలో అదే టైరు ప్రతి రాయి మీదా ఎగిరి పడి, వేగాన్నీ పట్టునూ పోగొడుతుంది. కొంచెం మెత్తగా ఉంటే గతుకులను తనలో ఇముడ్చుకుంటుంది. మరీ తగ్గించినా కష్టమే. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి.

మన దారుల్లో అసలు శత్రువు పల్లేరుకాయ. అది ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలుస్తుంది. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ అలాంటి చిన్న కన్నాలను దొర్లుతుండగానే పూడ్చేస్తుంది. ట్యూబు వాడేవాళ్లు కొత్తది ఎక్కించే ముందు టైరు లోపలంతా వేళ్లతో మెల్లగా తడిమి చూడాలి. విరిగిన ముల్లుమొన ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు కూడా కాసేపటికే కూర్చుంటుంది.

అపోహ: పొద్దున్నే సంగటి ముద్ద తింటే సాయంత్రం దాకా ఢోకా లేదు, దారిలో నీళ్లు చాలు.

వాస్తవం: సంగటి మంచి తిండే. కానీ ఒంట్లో నిలవుండే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములే. గట్టిగా తొక్కితే రెండు గంటల్లోనే అది అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు తేలిపోతాయి, కళ్లు తిరుగుతాయి. అందుకే ఆకలి వేయకముందే, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందేలా తింటూ పోవాలి. మధ్యరకం అరటిపళ్లు రెండు తింటే 50 గ్రాముల దాకా వస్తుంది. ఇక నీళ్ల సంగతి. మన ఎండలో చెమటతో పాటు ఉప్పూ పోతుంది. గంటల తరబడి దాహానికి మించి వట్టి నీళ్లే తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాహాన్ని బట్టి తాగండి, ఉప్పు కలిసిన పానీయం దగ్గర ఉంచుకోండి. సాధనలో అరగని తిండిని పందెం రోజు ముట్టుకోవద్దు.

అపోహ: మొదట్లోనే దూకుడుగా వెళ్లి, దిగుళ్లలో సేదతీరవచ్చు.

వాస్తవం: రెండూ పొరపాటే. మొదటి ఎక్కుడులో పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే శక్తికి మించి తొక్కుతున్నట్టే. ఇక రాళ్ల దిగుడులో పెడల్స్ సమానంగా ఉంచి, సీటు మీంచి లేచి, చూపు చక్రం ముందు కాకుండా దూరంగా నిలపాలి. వేళ్లు, ముంజేతులు, నడుము అప్పుడే ఎక్కువ అలసిపోతాయి. అందుకే దిగుడునూ విడిగా సాధన చేయాలి.

అపోహ: లక్షల సైకిలు కావాలి, గెలవకపోతే దండగ.

వాస్తవం: ఖరీదైన సైకిలు తేలిగ్గా ఉంటుంది, నిజమే. కానీ మొదటి పందేనికి కావలసింది ఒంటికి సరిపడే ఫ్రేము, నమ్మదగిన బ్రేకులు, నిటారు ఎక్కుడుకు పనికొచ్చే చిన్న గేరు, తలకు సరిగ్గా పట్టే హెల్మెట్. ఇక గెలుపంటారా, అమెరికాలోని కొలరాడోలో 1994 నుంచి జరుగుతున్న లెడ్‌విల్ పందెం దూరం 100 మైళ్లు. 12 గంటల్లోపు ముగించిన ప్రతి ఒక్కరికీ గుర్తుగా బెల్టు బకిల్ ఇస్తారు. ఈ ఆటలో గడువులోపు గమ్యం చేరడమే గౌరవం.

ఓపిక, తిండి, నేల మీద గౌరవం, ఈ మూడూ నేర్చుకున్నవాళ్లకు ఈ పందెం అందనిదేమీ కాదు. గుండెజబ్బు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవండి. మిగతావాళ్లు ఈ ఆదివారమే ఒక మట్టిదారి ఎంచుకుని మొదలుపెట్టండి.